పన్నెండో కాలు

జీలాంగ్‌లో జులై.
సముద్రం మీంచి వచ్చే గాలి ల్యాబ్ తలుపు సందులోంచి దూరి
ఒంటికాలి మీద నిలబడ్డవాళ్ళని కూడా వదలదు.

నా ఉద్యోగం పెద్దదేం కాదు.
మనుషుల్ని ఒక పలక మీద నిలబెట్టి
చెప్పాపెట్టకుండా దాన్ని పక్కకి వంచడం.
ముప్ఫై డిగ్రీలు. అంతే.
పిక్కకి బయటివైపు అంటించిన తీగలు
కండరం ఎప్పుడు ఉలిక్కిపడిందో రాసుకుంటాయి.

మొన్న కోలాక్ నుంచి డెస్మండ్ ప్రూయిట్ వచ్చాడు.
ఫుట్‌బాల్ బౌండరీ అంపైర్. ఇరవై ఏళ్లు తెల్లగీత వెంబడే పరుగెత్తాడు,
గీత దాటిన బంతిని వీపు తిప్పి, తల మీంచి లోపలికి విసురుతూ.
కుడి చీలమండ ఆరుసార్లు బెణికిందట.
"ఏడా?" అని లెక్క తప్పి తనే నవ్వాడు.
మొదటిసారి ఏడుపొచ్చిందట.
తర్వాత్తర్వాత తెలిసిన చుట్టంలా వచ్చి పోయేదట.

నెట్‌బాల్ ఆడే బ్రాంటీ హాలమ్‌కి పందొమ్మిదేళ్లు.
మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ మీద చెయ్యి వేస్తుంది.
వేస్తున్నట్టు తనకి తెలీదు.
ఫారంలో ఆ సంగతికి గడి లేదు.

తెర మీద గీతలు చూస్తే కండరం మీద జాలేస్తుంది.
పలక వంగడం ముందు.
కబురు వెన్ను దాకా వెళ్ళి తిరిగి రావడం తర్వాత.
ఇల్లు కాలాక బావి తవ్వడానికి
పాపం, పలుగూ పారా పట్టుకుని పరుగెత్తుకొస్తుంది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం.
విన్నప్పుడల్లా తలూపినదాన్నే.
ఇప్పుడు రోజూ మిల్లీసెకన్లలో చూస్తున్నాను,
జారిన కాలిని తీసుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు.
ఆ సామెత కట్టినవాడికి
చీలమండ ఎన్నడూ బెణికి ఉండదు.

అలాంటివాడే దొరికితే బాగుండు.
పోల్చి చూడ్డానికి, బెణకని కాళ్లవాళ్ళు పన్నెండు మంది కావాలి.
పదకొండు మందే దొరికారు.
ఈ ఊళ్ళో, ఈ బురద మైదానాల మధ్య, ఇంకొకరంటే
చావెరగని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మన్నట్టే.

శుక్రవారం గడువు.
ప్రొఫెసర్ లోర్నా పెథెరిక్ కళ్లజోడు పైకి నెట్టుకుని
నా బూట్లకేసి చూసింది.
"నీ కాళ్లు రెండూ బాగానే ఉన్నాయిగా?"
ఉన్నాయి అనబోయాను.
పెదవి దాకా వచ్చింది.
నాలుక్కి మాత్రం కబురు వేళకే అందినట్టుంది,
ఆగింది.

తొమ్మిదో తరగతి. బాపట్ల. జోనల్ ఖోఖో.
స్తంభం దగ్గర మలుపులో ఎడమ పాదం లోపలికి మడత పడింది.
డ్రిల్లు మాస్టారు పసుపూ సున్నం పట్టు వేసి
"ఏం కాలేదు, లే" అన్నారు.
లేచాను. ఇద్దర్ని అవుట్ చేశాను కూడా.
ఏం కాలేదన్న ఆ మాట
అప్పట్నుంచీ నా కూడా నడుస్తూనే ఉంది.

రాత్రి అందరూ వెళ్ళాక
బూట్లు విప్పి, నిలకడ కొలిచే రెండో పలక ఎక్కాను.
చల్లటి ఇనుము.
ఎడమ కాలు. కళ్ళు మూసుకో. ముప్ఫై లెక్కపెట్టు.
పదకొండు దగ్గర చేతులు గాల్లో దేన్నో పట్టుకోబోయాయి.
తెర మీద నా నిలకడ,
పెన్సిల్ దొరికిన చంటిపిల్ల గోడంతా గీసినట్టుంది.
పాతికేళ్ల నాటి మడత
అద్దె కట్టకుండా నా కింది వాటాలో కాపురముంటోంది.

ఫారం తీశాను.
గతంలో బెణుకు: అవును.
పొద్దున పెథెరిక్ చదివింది. పెద్దగా నిట్టూర్చింది.
ఆ కాయితాన్ని అటు దొంతర మీంచి తీసి ఇటు దొంతర మీద,
డెస్మండ్ కింద, బ్రాంటీ పైన పెట్టింది.

మెట్లు దిగుతున్నాను.
చెయ్యి రెయిలింగ్ మీద ఉంది.
ఎన్నాళ్ల నుంచి ఉందో.